వయొలిన్ భుజానికి భారమైతే...

గత వేసవిలో మా అన్నగారి మనుమరాలు సెలవులకు మైపాడులోని మా ఇంటికి వచ్చింది. పదునాలుగేండ్ల పిల్ల. తండ్రి ఉద్యోగరీత్యా మద్రాసులో ఉంటూ అక్కడ మూడేండ్లుగా పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నది. వచ్చిన రెండవనాటి ఉదయం వరండాలో నిలబడి సాధన చేస్తూ, పది నిమిషాలైనా కాకముందే వాద్యాన్ని పెట్టెలో పెట్టివేసింది.

"ఏంది తల్లీ, అప్పుడే ఆపేశావే?" అని అడిగాను.

"భుజం లాగుతోంది తాతయ్యా. మెడ తిప్పలేకపోతున్నా. అమ్మ ఇంక మానెయ్యమంటోంది" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు పిల్ల కండ్లలో నీళ్ళు తిరిగాయి.

వంశపారంపర్యంగా వైద్యం చేస్తున్నవాడిని. స్వయంగా నేనూ యౌవనంలో కొంతకాలం ఫిడేలు సాధన చేసినవాడిని. అయినప్పటికీ ఆ పిల్ల విషయంలో నేను మొదట పొరపాటే చేశాను. ఆ పొరపాటు, దాని దిద్దుబాటు మన పాఠకుల ఇండ్లలో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు ఉపకరించగలవన్న ఉద్దేశ్యంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

పిల్లకు వ్రేళ్ళలో తిమ్మిరి గాని, చేతిలో బలహీనత గాని లేవని ముందుగా రూఢి చేసుకున్నాను. తరువాత వాతహరమైన తైలంతో మర్దన, వావిలాకు కాపడం ప్రారంభించాను. రాత్రికి నొప్పి తగ్గేది. ఉదయం సాధన చేయగానే మళ్ళీ వచ్చేది. ఇలా ఐదు రోజులు గడిచాయి. ఆరవనాడు నా తప్పు నాకు తెలిసింది. ఆయుర్వేదంలో చికిత్సకు మొదటి మెట్టు నిదాన పరివర్జనం, అనగా వ్యాధిని కలిగించే కారణాన్ని తొలగించడం. కారణాన్ని అట్లే ఉంచి ఎంత తైలం పోసినా చిల్లుకుండలో నీరు పోసినట్లే గదా!

ఆనాడు పిల్లను మళ్ళీ వాద్యం పట్టమని, ప్రక్క నుండి శ్రద్ధగా గమనించాను. గడ్డం పైకెత్తి ఇంటి కప్పును చూస్తున్నట్లు నిలబడి ఉన్నది. తల ఒక ప్రక్కకు తోసినట్లున్నది. వయొలిన్ క్రింద అమర్చిన షోల్డర్ రెస్టు ఆమె మెడకు మించిన ఎత్తున్నది. దుకాణంలో "ఎత్తుగా ఉంటే పట్టు బాగుంటుంది" అని చెప్పి అంటగట్టారట.

శాస్త్రం ఏమంటున్నది?

సుశ్రుత సంహిత నిదానస్థానంలోని వాతవ్యాధి ప్రకరణంలో మన్యాస్తంభం అనే వ్యాధి చెప్పబడినది. మెడ బిగుసుకొనిపోవడం దీని లక్షణం. పగటి నిద్ర, కూర్చొనుటలో నిలుచుటలో వికృత భంగిమలు, ఎల్లప్పుడు పైకి చూస్తుండడం దీనికి కారణాలుగా పేర్కొనబడినవి. మా పిల్ల విషయంలో వీటిలో రెండు కారణాలు కండ్లకు కట్టినట్లు కనిపించాయి. అదే ప్రకరణంలో అవబాహుకం కూడా వివరించబడినది. భుజస్థానంలో చేరిన వాతం అక్కడి బంధనాలను శోషింపజేసి, చేయి పైకెత్తలేని స్థితిని కలిగిస్తుంది. నొప్పి వ్రేళ్ళ వరకు ప్రాకి, చేయి పనిచేయకుండా పోయే స్థితిని విశ్వాచి అన్నారు. శరీరంలోని 107 మర్మస్థానాలలో మెడకు, బాహువుకు నడుమనున్న అంస మర్మం ఒకటి. దానికి దెబ్బ తగిలితే చేయి స్తంభిస్తుందని శాస్త్రం.

వాద్యకారుల నొప్పి మొదటనే అవబాహుకం కాదు. కాని కారణాన్ని సంవత్సరాల తరబడి ఉపేక్షిస్తే కండరాలు శాశ్వతంగా బిగుసుకొనిపోయే ప్రమాదం ఉన్నది. కావున మొదటి నొప్పినే హెచ్చరికగా భావించాలి.

ఈ చిక్కు మనవారికి లేదా?

వయొలిన్ పాశ్చాత్య వాద్యమే అయినప్పటికీ, 19వ శతాబ్ది ఆరంభంలో ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) దానిని కర్ణాటక సంగీతానికి మలచుకున్నారు. మన పద్ధతిలో వాద్యకారుడు నేలపై బాసిపట్టు వేసుకొని కూర్చుని, వాద్యపు తలను కుడి చీలమండపై ఆనించి, రెండవ కొనను ఎడమ రొమ్ముకు, భుజానికి మధ్య నిలుపుతాడు. వాద్యానికి రెండు వైపుల ఆధారం దొరుకుతుంది. గడ్డంతో నొక్కిపట్టవలసిన పని లేదు. గమకాల కోసం ఎడమచేయి తీగలపై పైకీ క్రిందికీ స్వేచ్ఛగా జారగలుగుతుంది. ఫిడేలు నాయుడుగారని మన పెద్దలు పిలుచుకొన్న ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893-1964) వంటి విద్వాంసులు ఈ కూర్చొను పద్ధతిలోనే గంటల తరబడి కచేరీలు చేశారు.

పాశ్చాత్యులు నిలబడి గాని, కుర్చీలో కూర్చుని గాని వాయిస్తారు. వాద్యపు తలకు ఆనుడు ఉండదు. దాని భారాన్ని మెడయెముక, భుజం, ఎడమచేయి పంచుకోవాలి. గడ్డం ఆనించుకొనే చిన్ రెస్టును జర్మన్ విద్వాంసుడు లూయీ స్పోర్ సుమారు 1820లో రూపొందించాడు. వాద్యం క్రింద అమర్చే షోల్డర్ రెస్టు అంతకన్నా ఎంతో ఆధునికమైనది. నేటికీ దానిని వాడని గొప్ప విద్వాంసులున్నారు. అనగా అది అందరికీ తప్పనిసరి కాదు. మెడకు, వాద్యానికి మధ్య మిగిలిన ఖాళీని నింపడమే దాని పని.

అయితే కర్ణాటక పద్ధతి వారికి నొప్పులు రావని భ్రమపడరాదు. వారికి నడుము, మోకాళ్ళు, వంచిన మెడ బాధిస్తాయి. రొమ్ముకు, వాద్యానికి నడుమ మడిచిన ఉత్తరీయం, పిరుదుల క్రింద చిన్న దిండు చాలావరకు మేలు చేస్తాయి.

కొలత తీయు విధానం

ఇది ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. పిల్లను అద్దం ముందు నిటారుగా నిలబెట్టండి. రెండు భుజాలు సమానంగా, వదులుగా ఉండాలి. చూపు ఎదుట నేరుగా ఉండాలి. తలను కొద్దిగా ఎడమకు త్రిప్పించి, మెడయెముక పైభాగం నుండి దవడ క్రిందికి ఎంత ఎత్తున్నదో టేపుతో కొలవండి. తరువాత చిన్ రెస్టుతో సహా వాద్యపు మందాన్ని కొలవండి. పూర్తి పరిమాణపు వయొలిన్‌కు ఇది సాధారణంగా 6 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మొదటి కొలత నుండి రెండవ దానిని తీసివేయగా మిగిలినదే మనం నింపవలసిన ఖాళీ.

మా పిల్లకు మొదటి కొలత 8 సెంటీమీటర్లు. వాద్యం 6. మిగిలినది 2 సెంటీమీటర్లు మాత్రమే. ఆమె షోల్డర్ రెస్టు, మరలు పూర్తిగా బిగించి అతి తక్కువ ఎత్తుకు దించినా 4 సెంటీమీటర్లున్నది! ఆ అదనపు 2 సెంటీమీటర్లే పిల్ల గడ్డాన్ని ఆకాశానికి ఎత్తాయి.

దీనికి విరుద్ధంగా, మెడ పొడవైన వారికి రెస్టు లోటైతే, వాద్యం జారకుండా వారు భుజాన్ని చెవి వైపు ఎత్తిపట్టి, తలను క్రిందికి నొక్కుతారు. ఇదీ అంతే హానికరం. అట్టివారికి షోల్డర్ రెస్టును మాత్రమే పెంచక, ఎత్తైన చిన్ రెస్టు కూడా అమర్చుకొంటే వాద్యం మెడయెముకకు దగ్గరగా ఉండి చేయి ఎక్కువ ఎత్తవలసిన శ్రమ తప్పుతుంది.

మేము చేసిన ఆనుడు

పెట్టెలో దాచుకొన్న మా ఇంటావిడ పాత వెంకటగిరి నూలు చీర ముక్కను తీసి, అరచేయి వెడల్పున, 2 సెంటీమీటర్ల మందం వచ్చునట్లు మడిచి, అంచులు కుట్టించాను. మధ్యలో పలుచని స్పాంజి ముక్క ఒకటి. దానిని వాద్యం క్రిందిభాగాన ఎడమ భుజం ఆనుచోట ఉంచి, వెడల్పాటి రబ్బరు బ్యాండును వాద్యపు చివరనున్న గుండీకి తగిలించి, నడుము వంపు దగ్గరి ఎడమ మూలకు చుట్టి బిగించాము. ఖర్చు ఏమీ లేదు. సాధన ముగియగానే రబ్బరు తీసివేయాలి. లేనిచో వేసవి వేడికి వార్నిషుపై అంటుకొని మచ్చ పడుతుంది.

మన సముద్రతీరంలో ఇంకొక చిక్కు. ఉప్పుగాలి, చెమట వలన స్పాంజి త్వరగా తడిసి వాసన వస్తుంది, చర్మం ఒరుస్తుంది. కావున పై గుడ్డను రెండు రోజులకొకసారి ఉతికి ఎండలో ఆరవేయాలి. దుకాణపు రెస్టు వాడేవారు దాని కాళ్ళకున్న రబ్బరు తొడుగులు పగిలినవేమో తరచు చూడాలి. పగిలితే రెస్టు జారుతుంది. జారుతుందన్న భయంతోనే పిల్లలు భుజం బిగిస్తారు.

సరిపోయినదని గుర్తించడమెలా? వాద్యం పట్టిన తరువాత భుజాన్ని ఒకసారి క్రిందికి వదలండి. వాద్యం కదలక నిలవాలి. గడ్డాన్ని ఎత్తి తిరిగి ఆనించడం సులువుగా ఉండాలి. పండ్లు బిగపట్టకుండా మాట్లాడగలగాలి. ఈ మూడూ కుదిరితే ఆనుడు కుదిరినట్లే.

గృహచికిత్సలు

కారణం తొలగించిన తరువాతనే ఇవి ఫలిస్తాయి.

తైలమర్దన: 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెను గోరువెచ్చగా కాచి, పొయ్యి మీద నుండి దించిన తరువాత 5 గ్రాముల కర్పూరం పొడిచేసి కలిపి, మూత పెట్టి ఉంచండి. రాత్రి పడుకొనే ముందు మెడ వెనుక, భుజంపై పది నిమిషాలు మృదువుగా రుద్దాలి. ముందుగా మోచేతి లోపల కొద్దిగా రాసి, దురద రాదని చూచుకోవాలి. చిన్నబిడ్డలకు కర్పూరం వాడరాదు, కడుపులోకి ఎవరికీ ఇవ్వరాదు. సాధనకు ముందు నూనె పూర్తిగా కడుగుకోవాలి. నూనె తగిలితే కమాను వెంట్రుకలు పాడవుతాయి.

వావిలి కాపడం: రెండు గుప్పెళ్ళ వావిలాకులు నాలుగు లీటర్ల నీటిలో మరిగించి, తువ్వాలు ముంచి పిండి, పది నిమిషాలు కాపడం పెట్టాలి.

ఉప్పుమూట: గుప్పెడు గళ్ళుప్పును మూకుడులో వేయించి నూలుగుడ్డలో మూటకట్టి, ముంజేతిపై వేడి పరీక్షించి కాపాలి. స్పర్శజ్ఞానం తగ్గిన మధుమేహ రోగులు దీనిని చేయరాదు. వాపు, ఎరుపు ఉన్నచోట ఏ కాపడమూ తగదు.

మెడపై మచ్చ: వాద్యం ఒరిపిడికి దవడ క్రింద నల్లమచ్చ, పొక్కులు వస్తాయి. చిన్ రెస్టు బిగించే లోహపు పట్టీలోని నికెల్ కొందరికి పడదు. పట్టీపై మెత్తని నూలుగుడ్డ కప్పి, సాధన ముగియగానే మెడను మంచినీటితో కడిగి ఆరనిచ్చి, రాత్రికి కొబ్బరినూనె రాయాలి. చీము పడితే వైద్యునికి చూపాలి.

విశ్రాంతి: 25 నిమిషాల సాధనకు 5 నిమిషాలు విరామం. ఆ సమయంలో భుజాలు గుండ్రంగా త్రిప్పడం, మెడను మెల్లగా కుడి ఎడమలకు త్రిప్పడం చేయాలి. సుప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1952లో మన దేశానికి వచ్చినప్పుడు బి.కె.ఎస్. అయ్యంగార్ వద్ద యోగాసనాలు అభ్యసించి, తన వాదనకు అవి ఎంతో ఉపకరించాయని చెప్పుకున్నారు. అయ్యంగార్ గ్రంథానికి ముందుమాట కూడా వ్రాశారు. అంతటివారే శరీరాన్ని వాద్యంలో భాగంగా చూచుకొన్నారు!

హెచ్చరిక

వ్రేళ్ళలో తిమ్మిరి, చేతిలో పట్టు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి, చేయి పైకెత్తలేకపోవడం, రెండు వారాలైనా తగ్గని బాధ ఉన్నచో ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి. పెద్దవారిలో ఎడమ భుజం నొప్పితో బాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది వాద్యపు నొప్పి అనుకోరాదు. తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి.

మా పిల్ల మొదటి వారం రోజుకు పావుగంట చొప్పున, రెండవ వారం అరగంట చొప్పున సాధన చేసింది. సెలవులు ముగిసేనాటికి నొప్పి లేకుండా గంటసేపు వాయించగలిగింది. వెళ్ళే ముందురోజు సాయంత్రం మైపాడు ఒడ్డున ఇసుకలో నిలబడి వాళ్ళ అమ్మకు వినిపించింది. ఆమె ఏమీ అనలేదు. మరునాడు సామాను సర్దేటప్పుడు మాత్రం, ఆ చీర ముక్కను తానే మడిచి వయొలిన్ పెట్టెలో పెట్టింది.