పాత వస్తువుల ఆన్‌లైన్ బేరం: చట్టం ఆగిన చోట మాటే పూచీ

ఇంట్లో మూలన పడి ఉన్న సైకిలు, పిల్లలు పై తరగతికి వెళ్లాక మిగిలిన పాఠ్యపుస్తకాలు, కొత్తది కొన్నాక బీరువాలో చేరిన మొబైల్ ఫోను, బదిలీపై మరో ఊరికి వెళ్లే ఉద్యోగి వదిలించుకోదలచిన వాషింగ్ మెషీను. ఇలాంటి వస్తువులు ఇప్పుడు నాలుగు ఫొటోలు, రెండు వాక్యాల ప్రకటనతో చేతులు మారుతున్నాయి. అమ్మేవారికి కొంత సొమ్ము దక్కుతుంది. కొత్తది కొనే స్తోమత లేని కుటుంబానికి అవసరం తీరుతుంది. అయితే ఈ బేరంలో దుకాణం లేదు, రశీదు లేదు, వారంటీ లేదు. ఒకరికొకరు ముఖపరిచయం లేని ఇద్దరు వ్యక్తులు, వారి మధ్య ఒక మాట మాత్రమే ఉన్నాయి. ఆ మాటకు విలువ ఎంత? అది తప్పితే దిక్కెవరు?

పాత సరుకు వ్యాపారం మనకు కొత్తది కాదు. హైదరాబాదులో ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారం నాడు పరిచే పాత పుస్తకాలు, ఎర్రగడ్డ ఆదివారపు సంత ఇప్పటికీ జనాన్ని ఆకర్షిస్తూనే ఉన్నాయి. పల్లెల్లోని పశువుల సంతలో బేరగాళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర తేల్చుకునేవారు. కొనేవారు పశువు పళ్లు లెక్కపెట్టి, నడిపించి, సుడులు చూసి మరీ బయానా ఇచ్చేవారు. ఆ సంతలో మోసం లేదని కాదు. కానీ మోసం చేసినవాడు మరుసటి వారం అదే సంతకు రావాలి, అదే మనుషుల మధ్య నిలబడాలి. ఆన్‌లైన్ బేరంలో ఈ కట్టడి లేదు. బేరం ముగిసిన మర్నాడు ప్రకటన మాయమవుతుంది, ఫోను నంబరు పలకదు.

వినియోగదారు చట్టం ఎంతవరకు?

దుకాణంలో కొన్న వస్తువు చెడిపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చన్న అవగాహన ఇప్పుడు చాలామందికి ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. ఆ నెలలోనే ఈ-కామర్స్ నిబంధనలూ వెలువడ్డాయి. అయితే వ్యాపారంగా, క్రమం తప్పకుండా కాక, వ్యక్తిగత హోదాలో ఎవరైనా జరిపే కార్యకలాపాలకు తాము వర్తించబోమని ఆ నిబంధనలే స్పష్టం చేస్తున్నాయి. అంటే తన సొంత ఫ్రిజ్‌ను అమ్ముకునే గృహిణిపై ఆన్‌లైన్ విక్రేతకు ఉండే బాధ్యతలు లేవు. సరుకు వాపసు తీసుకోవాలన్న షరతు కూడా లేదు.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. ఆ తరహా సరుకు అమ్మడమే వృత్తిగా గలవారి విషయంలోనే నాణ్యతకు సంబంధించిన అప్రకటిత హామీ ఉంటుందని, మిగతా సందర్భాల్లో చూసి కొనవలసిన బాధ్యత కొనేవారిదేనని ఆ చట్టం సూత్రం. అయితే రెండు విషయాల్లో సాధారణ వ్యక్తికి కూడా మినహాయింపు లేదు. అమ్మే హక్కు తనకు ఉండాలి. వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. 256 జీబీ అని రాసిన ఫోనులో 128 జీబీ మాత్రమే ఉంటే, "మీరు చూసుకోవలసింది" అన్న సమాధానం చెల్లదు.

మౌనం ఎప్పుడు మోసం?

ఆన్‌లైన్ బేరాల్లో పచ్చి అబద్ధం కన్నా ఎక్కువగా ఎదురయ్యేది మౌనం. బ్యాటరీ గంటకే అడుగంటుతుంది, కానీ ప్రకటనలో ఆ ముచ్చట ఉండదు. బండి ఒకసారి ప్రమాదానికి గురైంది, కానీ కొత్త రంగు ఆ గుర్తును కప్పేసింది. చెప్పకపోవడం కూడా మోసమేనా?

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షను దీనికి సమాధానం ఇస్తుంది. ఒట్టి మౌనం మోసం కాదని అది చెబుతుంది. అయితే మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా మౌనమే మాటతో సమానమైనప్పుడు అది మోసమే అవుతుంది. దీన్ని వివరించేందుకు ఆ చట్టం ఒక గుర్రం ఉదాహరణను ఇచ్చింది. గుర్రానికి లోపం ఉందని తెలిసీ వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే అది మోసం కాదు. కానీ కొనేవాడు, "మీరు కాదనకపోతే గుర్రం బాగుందని అనుకుంటాను" అన్న తరువాత కూడా అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం.

నూట యాభై ఏళ్ల నాటి ఈ ఉదాహరణ నేటి ల్యాప్‌టాప్ బేరానికీ అక్షరాలా సరిపోతుంది. కొనేవారు ప్రశ్న అడగడంతోనే అమ్మేవారి బాధ్యత మారిపోతుంది. "ఇది ఎప్పుడైనా రిపేరుకు వెళ్లిందా? తెర మార్చారా? నీటిలో పడిందా? మీరు లేదంటే లేదనే నమ్మి కొంటున్నాను" అని రాతపూర్వకంగా అడిగితే, తప్పుడు జవాబుకు గానీ, దాటవేతకు గానీ చట్టపరమైన పర్యవసానం ఉంటుంది. మోసంతో పొందిన అంగీకారాన్ని రద్దు చేసుకునే హక్కును 19వ సెక్షను మోసపోయిన వ్యక్తికి ఇచ్చింది. అయితే కేవలం మౌనం వల్ల జరిగిన మోసంలో, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగి కూడా ఊరుకున్నవారికి ఆ హక్కు ఉండదు. బండిని ఒకసారి నడిపి చూడనివారు తరువాత వాపోయి ప్రయోజనం లేదు.

నిజం దాస్తే నష్టం ఎవరికి?

ఒకరు దాచిన లోపం వల్ల ఆ ఒక్క కొనుగోలుదారు మాత్రమే నష్టపోతారని అనిపించవచ్చు. అది నిజం కాదని అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. ఆయన తీసుకున్న ఉదాహరణ పాత కార్ల సంతే. అమెరికా వాడుకలో పనికిరాని కారును నిమ్మకాయ అంటారు. ఆ మాటే వ్యాసం శీర్షికలోకి ఎక్కింది.

ఆయన వాదాన్ని మన స్కూటర్లకు అన్వయించి చూద్దాం. మంచి స్కూటరు విలువ రూ.40,000, లోపం ఉన్నదాని విలువ రూ.20,000 అనుకుందాం. ఏది మంచిదో కొనేవారికి తెలియదు. కాబట్టి మధ్యస్థంగా రూ.30,000కు మించి ఇవ్వరు. ఆ ధరకు మంచి స్కూటరు యజమాని అమ్మడు, ప్రకటన తీసేసుకుంటాడు. చివరకు సంతలో లోపాలున్న బండ్లే మిగులుతాయి. ఆ సంగతి గ్రహించిన కొనుగోలుదారులు రూ.30,000 కూడా ఇవ్వడం మానేస్తారు. ఒకరి అబద్ధానికి నిజాయతీపరులు మూల్యం చెల్లించడమంటే ఇదే. ఈ తరహా పరిశోధనలకు అకెర్లాఫ్, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లు 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ పురస్కారాన్ని పంచుకున్నారు.

"సరే, మీకే" అన్న తరువాత

లోపం దాచడం ఒక తప్పయితే, కుదిరిన బేరాన్ని తప్పడం మరొకటి. పాత డైనింగ్ టేబులు రూ.6,000కు ఖాయమైంది. కొనేవారు ఆదివారం ఆటో ట్రాలీ మాట్లాడుకున్నారు. శనివారం రాత్రి మరొకరు రూ.6,500 ఇస్తామనడంతో వస్తువు వారికి వెళ్లిపోయింది. ఇలాంటిదే ఎదుటి పక్షం నుంచీ జరుగుతుంది. ఫోనులో రూ.6,000కు ఒప్పుకుని, గుమ్మం ముందు నిలబడి రూ.4,500 అంటారు. లేదా వస్తామని చెప్పి అసలు రారు, ఫోను ఎత్తరు. వారి కోసం మిగతా నలుగురికీ "అమ్ముడైపోయింది" అని చెప్పిన యజమాని వారం పాటు ఎదురుచూస్తారు.

చట్టం దృష్టిలో ప్రకటన అనేది సాధారణంగా బేరానికి ఆహ్వానం మాత్రమే. ధర, వస్తువు రెండూ తేలి, ఒకరు తీసుకుంటామని, మరొకరు ఇస్తామని అన్నాక అది ఒప్పందమే. కాగితంపై ఉండవలసిన పని లేదు, నోటిమాట చాలు. పైగా ఫలానా వస్తువు అని తేలి, అది అప్పగించేందుకు సిద్ధంగా ఉంటే, వేరే ఉద్దేశం కనబడని పక్షంలో, డబ్బు రేపు ఇచ్చినా యాజమాన్యం ఒప్పందంతోనే మారుతుందని సరుకుల విక్రయ చట్టం చెబుతుంది. అయితే వస్తువు ఇంకా తన దగ్గరే ఉంచుకున్న అమ్మకందారు, ముందటి బేరం సంగతి తెలియని మరొకరికి దాన్ని అప్పగిస్తే, రెండోవారి హక్కును కూడా అదే చట్టం కాపాడుతుంది. మొదటివారికి మిగిలేది నష్టపరిహారం దావా.

ఆరు వేల రూపాయల బల్ల కోసం కోర్టుకు వెళ్లేవారు ఉండరు. ట్రాలీ కిరాయి, పోయిన సెలవు రోజు ఏ లెక్కలోనూ రావు. మాట నిలబెట్టుకోవడం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. మనసులో సందేహం ఉన్నవారు "సరే" అనకుండా, "రేపు సాయంత్రం వరకు మీ కోసం ఉంచుతాను, ఆ తరువాత మరొకరికి ఇస్తాను" అని గడువు చెప్పడం మేలు. అడ్వాన్సు తీసుకుంటే, బేరం తప్పినప్పుడు అది వాపసు ఇస్తారో లేదో ముందే రాసుకోవాలి.

చోరీ ఫోను, పేరు మారని బండి

కొన్ని బేరాల్లో పణంగా ఉండేది డబ్బు మాత్రమే కాదు. తనది కాని వస్తువును అమ్మినవారు కొనేవారికి యాజమాన్యం ఇవ్వలేరు. దొంగిలించిన ఫోనును తెలియక కొన్నా, అసలు యజమాని దొరికితే వస్తువు పోతుంది. దొంగ సొత్తని నమ్మడానికి కారణం ఉండీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద అది నేరం. ధర నమ్మశక్యం కానంత తక్కువగా ఉండి, పెట్టె, బిల్లు రెండూ లేకపోతే జాగ్రత్తపడాలి. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరును సరిచూసుకోవచ్చు. అమ్మేవారు కూడా తమ గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి వైదొలగి, సమాచారమంతా చెరిపి ఇవ్వాలి. లేకుంటే కొన్నవారి చేతిలో ఆ ఫోను తాళం వేసిన పెట్టెలా మిగులుతుంది.

వాహనాల విషయంలో నిర్లక్ష్యం అమ్మినవారినే వెంటాడుతుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లోగా బదిలీకి దరఖాస్తు చేయాలి. "పేరు నేను మార్పించుకుంటాను" అన్న కొనుగోలుదారు మాటపై తాళాలు ఇచ్చేసేవారు ఎందరో. అలా పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదానికి కారణమైన కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, పరిహారం బాధ్యత వారిదేనని స్పష్టం చేసింది. బండిని ఎప్పుడో అమ్మేశానన్న వాదన నిలవలేదు. బాధితులు కొన్నవారి వెంట, ఆపై కొన్నవారి వెంట తిరగవలసిన అవసరం ఉండరాదన్నది న్యాయస్థానం అభిప్రాయం.

డబ్బు చేతులు మారేటప్పుడు

అమ్మేవారిని మోసగించే కొనుగోలుదారులూ ఉన్నారు. సైనికుడినని, బదిలీ అయ్యానని చెప్పి, వస్తువును చూడకుండానే అడిగిన ధరకు ఒప్పుకోవడం వారి పద్ధతి. డబ్బు పంపుతున్నామంటూ ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. కొట్టగానే అమ్మేవారి ఖాతాలోని సొమ్మే వెళ్లిపోతుంది. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అవసరం లేదు. డబ్బు పంపినట్టు చూపే స్క్రీన్‌షాట్‌ను, సందేశాన్ని నమ్మి వస్తువు ఇవ్వకూడదు. సొంత ఖాతాలో జమ అయిందని చూసుకున్న తరువాతే అప్పగించాలి. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే, సొమ్ము ఇతర ఖాతాలకు మళ్లకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

అందరూ పాటించదగిన పద్ధతి

నిజాయతీగా అమ్మదలచినవారు ప్రకటనలో గొప్పలతో పాటు లోపాలను కూడా రాస్తే సరిపోతుంది. ఎప్పుడు కొన్నారు, ఏ భాగం మార్చారు, ఏది పనిచేయదు, చివరి ధర ఎంత అన్న నాలుగు విషయాలు చెప్పి, గీత పడిన చోటును దగ్గరగా ఫొటో తీసి పెడితే, వచ్చేవారు సిద్ధపడే వస్తారు. గుమ్మం దగ్గర వాదన ఉండదు. కొనేవారు ప్రశ్నలన్నీ ముందే రాతలో అడగాలి. పగటిపూట, నలుగురు తిరిగే చోట వస్తువును చూడాలి. ప్రకటనలో రాసినట్టే ఉంటే ఒప్పుకున్న ధరనే ఇవ్వాలి. రాలేకపోతే ఆ సంగతి ఒక్క సందేశంతో తెలపాలి. ఇరుపక్షాల పేర్లు, వస్తువు గుర్తింపు నంబరు, ధర, తేదీలతో ఒక చిన్న రశీదు రాసుకుని సంతకాలు చేసుకుంటే రేపటి తగాదాకు తావుండదు.

రూ.4,000 పెట్టి పాత ఫోను కొనే విద్యార్థికి, రూ.25,000తో బండి కొనుక్కుని సరుకుల డెలివరీకి వెళ్లదలచిన యువకుడికి ఆ సొమ్ము నెలల తరబడి కూడబెట్టినది. ఆ బేరంలో మోసపోతే మరోసారి కొనే శక్తి వారికి ఉండదు. ప్రకటనలో రాసే ప్రతి అక్షరాన్నీ చదివేది అలాంటివారేనని గుర్తుంచుకుంటే, ఏది రాయాలో, ఏది దాచకూడదో అమ్మేవారికి విడిగా చెప్పనక్కరలేదు.