లాగ్‌బుక్కులో తిమింగలం తోక

కంప్యూటర్లతో కుస్తీ పట్టే మనకి 'లాగ్' అన్నది రోజూ నోట్లో నానే మాట. సర్వర్ ఎందుకు పడిపోయిందో తెలియాలంటే ముందు తెరిచేది లాగ్ ఫైలే. ఈ మాట ఎక్కడిదో నాకు కొన్నేళ్ళ క్రితం దాకా తెలియదు. మాసచూసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో తిమింగలాల వేట మ్యూజియం చూడడానికి పిల్లలతో వెళ్ళినప్పుడు తెలిసింది.

లాగ్ అంటే ఉత్త చెక్కముక్కే! ముడులు వేసిన తాడుకి దాన్ని కట్టి ఓడ మీంచి నీళ్ళలోకి విసిరేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారితే ఓడ వేగం అన్ని 'నాట్‌లు'. ఆ లెక్క రాసుకునే పుస్తకం లాగ్‌బుక్ అయింది.

19వ శతాబ్దంలో దీపాల నూనె కోసం న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి వందలాది ఓడలు తిమింగలాల వేటకి వెళ్ళేవి. ఒక్కో ప్రయాణం మూడు నాలుగేళ్ళు. ఓడ తరఫున లాగ్‌బుక్ రాయడం సాధారణంగా కెప్టెన్ తరువాతి అధికారి పని. కొందరు నావికులు సొంతంగా కూడా డైరీలు రాసుకునేవారు. తేదీ, అక్షాంశం, రేఖాంశం, గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా - రోజూ ఇవే వివరాలు. తిమింగలం దొరికితే మార్జిన్‌లో తిమింగలం బొమ్మ ముద్ర, దాని మధ్యలో ఎన్ని పీపాల నూనె వచ్చిందో అంకె. కొన్నిచోట్ల తోక ముద్ర మాత్రమే ఉంటుంది.

"మిగతా తిమింగలం ఏది నాన్నా?" అంది మా అమ్మాయి.

"తప్పించుకుంది" అన్నాను, పక్కన రాసి ఉన్నది చదివి.

ఈ పుస్తకాలతో ఇప్పుడేం పని అంటారా? వేట ఓడలు సరుకుల ఓడలు తిరగని సముద్రాల్లో కూడా తిరిగేవి. అక్కడ అప్పటి వాతావరణం ఎలా ఉండేదో చెప్పే ఆధారాలు చాలా తక్కువ. అందుకని శాస్త్రజ్ఞులు ఈ లాగ్‌బుక్కుల్లో "గాలి జోరుగా ఉంది" లాంటి మాటల్ని బోఫర్ట్ స్కేలు అంకెలుగా మార్చి డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నారు.

ఇది అనుకున్నంత సులువు కాదు. చేతిరాత చదవడం ఒక ఎత్తు, తేదీలు ఒక ఎత్తు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనట్టే, ఆనాటి చాలా ఓడల్లో రోజు మధ్యాహ్నం పన్నెండుకి మొదలయ్యేది. 5వ తేదీ కింద రాసిన సాయంత్రం గాలి నిజానికి 4వ తేదీది! ఇది తెలియకుండా ఎక్కిస్తే సగం డేటా ఒక రోజు తప్పుతుంది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది మాత్రం 2021లో వచ్చిన ఒక పరిశోధన. హాల్ వైట్‌హెడ్, టిమ్ స్మిత్, ల్యూక్ రెండెల్ అనే ముగ్గురు, ఉత్తర పసిఫిక్‌లో వేటాడిన అమెరికన్ ఓడల లాగ్‌బుక్ లెక్కలు పరిశీలించారు. వేటగాళ్ళు కొత్త ప్రాంతానికి చేరిన కొద్ది సంవత్సరాల్లోనే, కనిపించిన స్పెర్మ్ తిమింగలాలకి ఈటె తగిలే రేటు సుమారు 58 శాతం పడిపోయింది. తేలికగా దొరికేవి ముందే చచ్చిపోయాయా? మొదట వచ్చిన వేటగాళ్ళు మరీ నేర్పరులా? ఇవేవీ లెక్కకి సరిపోలేదు. తిమింగలాలు ఒకదాన్ని చూసి ఒకటి తప్పించుకోవడం నేర్చుకున్నాయన్నదే వారికి సరైన వివరణగా తోచింది.

దొరికిన తిమింగలాల లెక్క ఒక్కటే ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు. "కనిపించాయి, దొరకలేదు" అని ఆ రాత్రి అలసిపోయి కూడా ఒకాయన నిజాయితీగా రాశాడు కాబట్టి తెలిసింది. అది ఆయనకి నష్టం పద్దు. తిమింగలాల వైపు నుంచి మనకి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

ఆఫీసులో డిస్క్ నిండినప్పుడల్లా నేను ముందు చెరిపేసేది విఫలమైన ప్రయత్నాల లాగ్‌లనే. ఈ మధ్య చెరిపే ముందు ఆ తోక బొమ్మ గుర్తొస్తోంది. కొత్త డిస్క్ కొనమని మేనేజర్‌ని అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు.