పూత మీద పూత

సంక్రాంతి దాటిన నాటినుండి గుంటూరు మిర్చి యార్డు దారులు ఎర్రబారును. లారీలనుండి జారిన కాయలు చక్రముల క్రింద నలిగి పొడియగును. ఆ పొడి గాలిలోనికి లేచి దారిన పోవువారిని తుమ్మించును. ప్రక్కన నిలిపిన కార్ల మీద వాలును. నరసరావుపేట వైపునకు పోయినచో రేగడి నేలల ధూళి. పర్చూరు, అద్దంకి ప్రాంతములలో ప్రత్తి తీయు దినములందు గాలిలో తేలు దూదిపోగులు. చీమకుర్తి చేరినచో రాతిపొడి. వీటన్నిటికి తోడు మార్చి నెల గడచునప్పటికే మాడ్చు ఎండ. కారునకు వేసిన రంగును పరీక్షించుటకే ప్రకృతి ఈ మైదానమును సిద్ధపరచినదా అనిపించును.

ఒకప్పుడు ఈ ప్రాంతమున కారు కలవారు ఊరికి ఒకరో ఇద్దరో. నేడు బడిపంతుళ్లు, చిన్న వ్యాపారులు, నాలుగైదెకరముల రైతులు సైతము బ్యాంకు అప్పుతో కారు కొనుచున్నారు. అయిదేండ్లు వాయిదాలు కట్టవలసిన వస్తువు రెండవ యేటికే వన్నె తరిగినచో కలుగు బాధ ఆ వాయిదా కట్టువానికే తెలియును. అట్టివాడు అంగడికి పోయి, మెరుగు చెడకుండుటకు ఏమైన ఇమ్మని అడిగినచో, అంగడివాడు రెండు వస్తువులు ముందుంచును. ఒకటి సీలెంటు, రెండవది మైనము. రెండును కొనుమనుట అంగడివాని ధర్మము. సీలెంటు మీద మైనము పూయవచ్చునా, పూసినచో ఏ మైనము పూయవలెను అని తెలిసికొనుట కొనువాని పని. తప్పు డబ్బా చేతికి వచ్చినచో పై పూత నిలువకపోవుటయే గాక క్రింది పూతయు ఊడును. అంతకన్న కీడేమనగా, అసలు రంగును కాపాడు పొర కొంత అరిగిపోవును. అది తిరిగి రాదు.

ఆ పొర సంగతి మొదట తెలిసికొనవలెను. నేటి కారు రేకు మీద తుప్పు పట్టకుండ ఒక పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికి పైన అద్దమువంటి పారదర్శకమైన క్లియర్ కోటు ఉండును. మన కంటికి తళతళలాడునది ఈ చివరిదే. దీని మందము సాధారణముగా 40 మొదలు 50 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తల వెంట్రుక తరచుగా ఇంతకన్న లావుగా ఉండును. ఎండలోని అతినీలలోహిత కిరణములను అడ్డగించి క్రింది రంగును కాపాడు భారమంతయు ఈ పలుచని పొర మీదనే ఉన్నది.

పాతకాలపు కార్లకు ఈ ఏర్పాటు లేదు. 1923లో అమెరికాలో డ్యూపాంటు కంపెనీ డ్యూకో అను పేర నైట్రోసెల్యులోజు లాకరును తెచ్చినది. అంతకు పూర్వము వారముల తరబడి ఆరవలసిన కారు రంగు దానితో గంటలలో ఆరసాగినది. ఆ పేరు మన షెడ్లలో ఎంతగా పాతుకొన్నదనగా, ఏ కంపెనీ రంగు వేసినను నేటికిని దానిని డ్యూకో అనువారు కలరు. ఆ కాలపు కార్లకు పైనుండి క్రిందివరకు రంగే. ఎండకు దాని పైభాగము సుద్దవలె వెలిసిపోయెడిది. గరుకు పదార్థము కలిసిన పాలిషుతో గట్టిగా రుద్దినచో చచ్చిన రంగు గుడ్డకు అంటి వచ్చి, క్రింది క్రొత్త రంగు బయటపడెడిది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కారును ఏండ్ల తరబడి నడిపిన డ్రైవర్లకు ఈ రుద్దుట ఒక విద్య. గుడ్డకు రంగు అంటినచో పని జరిగినదని గుర్తు. ఆ అలవాటే నేటి కారు మీద ప్రయోగించినచో గుడ్డకు రంగు అంటదు. అరుగునది రంగులేని పొర కనుక అరుగుచున్నట్లు కంటికి తెలియదు. ముప్పు ఉన్నది అక్కడనే.

ఇక సీలెంటు. ఇది కర్మాగారమున పుట్టినది. చిన్న అణువులను గొలుసుగా కూర్చి చేసిన పాలిమర్లు దీనికి మూలము. వానిలో సిలికాను సంబంధమైనవి తరచుగా కనబడును. పలుచగా పూసి వదలినచో క్లియర్ కోటును అంటిపట్టుకొని క్రమముగా గట్టిపడును. కొన్నింటికి పండ్రెండు గంటలు, కొన్నింటికి ఒక దినము పట్టును. డబ్బా మీద వ్రాసిన గడువే ప్రమాణము. శుభ్రమైన తలమున వేసినచో కొన్ని నెలలు నిలుచును. మైనమునకు అంత ఆయుస్సు లేదు. ఒకటి రెండు నెలలు నిలిచినచో మేలు. మన వేసవిలో అంతయు నిలువదు.

పూతల వరుస ఎందుకు మారరాదో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. నూనె అంటిన నల్లబల్ల మీద సుద్దముక్క వ్రాయదు. మైనము పూసిన కారు మీద సీలెంటు పట్టు దొరకక జారును. మైనమునకు అంత పట్టింపు లేదు. గట్టిపడిన సీలెంటు మీద అది ఊరక ఆనుకొని ఉండును. కనుక సీలెంటు ముందు, గడువు తీరిన పిదప మైనము. గడువు తీరకముందే తొందరపడి పూసినచో మైనములోని ద్రావకము ఇంకను కుదురుకొనని క్రింది పూతను చెరుపును.

మైనమునకు సంస్కృతమున మధూచ్ఛిష్టమని పేరు. తేనె తీయగా మిగిలినది అని అర్థము. లోహ విగ్రహములు పోతపోయు శిల్పులు మొదట మైనముతో రూపు చేసి, దానిపై మట్టి కప్పి, కరగించి వెడలించు పద్ధతికి ఈ మాటతోనే మధూచ్ఛిష్ట విధానమని పేరు కలిగినది. సులభముగా కరగుట అక్కడ గుణము. కారు మీద అదియే దోషము. తేనెమైనము 62 మొదలు 64 డిగ్రీల వేడికే కరగును. గుంటూరులో నీడపట్టుననే 45 డిగ్రీలు చేరు దినములు కలవు. మిట్టమధ్యాహ్నము ఎండలో నిలిపిన నల్లని కారు బానెట్టు 70 డిగ్రీలు దాటుట వింత కాదు. తేనెమైనమే ప్రధానముగా గల పూత అక్కడ మెత్తబడక తప్పదు.

ఈ కారణమున కారు మైనములలో కార్నౌబాకు పెద్దపీట వేసినారు. ఇది బ్రెజిలు దేశపు ఈశాన్య భాగమున, ముఖ్యముగా సియారా, పియావీ రాష్ట్రములలో పెరుగు ఒక తాళజాతి వృక్షము ఇచ్చు మైనము. విసనకర్రవంటి ఆకులతో చూచుటకు మన తాడిచెట్టునకు చుట్టమువలె ఉండును, వృక్షశాస్త్రరీత్యా చుట్టమే. దాని ప్రజాతికి ఖగోళ శాస్త్రజ్ఞుడగు కోపర్నికస్ పేర కోపర్నీషియా అని నామకరణము చేసినారు. వాన తక్కువగు నేలలో ఆకులోని నీరు ఆవిరి కాకుండ ఆ చెట్టు తన ఆకుల మీద తానే మైనము పూసికొనును. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి, రాలిన పొడిని కరగించి ముద్ద చేయుదురు. 1935లో మైనపు వ్యాపారియైన హెచ్.ఎఫ్. జాన్సను ఈ చెట్లను చూచుటకే అమెరికానుండి విమానములో బ్రెజిలు వెళ్లెను. ఈ మైనము కరగుటకు 82 మొదలు 86 డిగ్రీల వేడి కావలెను. మన ఎండకు అది చాలును.

ఆకుమీది మైనము మనకు క్రొత్త కాదు. బూడిద గుమ్మడికాయ మీద చేతికి అంటు తెల్లని పొడి మైనమే. తామరాకు మీది నీటిబొట్టును వైరాగ్యమునకు ఉపమానముగా కవులు ఎంతకాలమునుండియో వాడుచున్నారు. ఆ బొట్టు అంటకుండుటకు కారణము ఆకుమీది సూక్ష్మమైన మిట్టలు, వాని మీది మైనపు రేణువులు. క్రొత్తగా మైనము పూసిన కారు మీద వానచినుకు గుండ్రముగ నిలుచుటకును మూలము నీటికి మైనమునకు గల ఆ వైరమే.

అయితే డబ్బా మీద నూటికి నూరుపాళ్లు కార్నౌబా అని చూచి మురియరాదు. శుద్ధమైన కార్నౌబా రాయివలె గట్టిది. చేతితో పూయ వీలు కాదు. నూనెలు, ద్రావకములు, మెత్తని మైనములు కలిపిననే గాని ముద్ద కాదు. ఆ వ్రాతకు అర్థము డబ్బాలో వేరేమియు లేదని కాదు. వేసిన కార్నౌబా మాత్రము కల్తీ లేనిదని. ఎంత వేసిరో చాలమంది చెప్పరు.

సీలెంటు మీదికి చూడవలసినది మైనపు జాతి కన్న ముందు మరియొకటి ఉన్నది. ఆ డబ్బాలో శుభ్రపరచు గుణము ఉన్నదా లేదా? క్లీనర్ వాక్సు అనియు, పాలిషు వాక్సు అనియు, గీతలు పోగొట్టుననియు, అన్ని పనులు ఒకే డబ్బాలో ననియు వ్రాసి ఉన్నచో దానిలో సన్నని గరుకు పొడియో, మురికిని కరగించు ఘాటైన ద్రావకమో ఉన్నదనుకొనవలెను. అది మురికికి సీలెంటునకు భేదము పాటింపదు. నిన్న పూసిన దానిని నేడు తుడిచివేయును. రబ్బింగు కాంపౌండు సంగతి చెప్పనే అక్కరలేదు. సీలెంటు మీదికి తగినది పూత తప్ప మరే పనియు చేయని మైనము, ముద్దగా ఉన్నను ద్రవముగా ఉన్నను సరే. వాసన చూచి నిర్ణయించుట వృథా. మంచి మైనములందును ద్రావకపు వాసన ఉండును. వెల చూచి నిర్ణయించుట అంతకన్న వృథా.

ఈ రెండవ పూతవలన ఒరుగునదేమి? నిజము చెప్పవలెనన్న, రక్షణలో పెరుగుదల స్వల్పము. మైనము ముందుగా అరిగి, క్రింది సీలెంటును కొన్నాళ్లు అరగనీయకుండుట ఒక లాభము. రెండవది చూపునకు సంబంధించినది. నలుపు, ముదురు ఎరుపు, నీలము వంటి రంగులకు కార్నౌబా ఒక లోతును, తడిసినట్టి నిగారింపును తెచ్చును. మన ప్రాంతమున తెల్ల కార్లే హెచ్చు. తెలుపు మీద ఈ భేదము కనిపెట్టుట యజమానికి గూడ కష్టము. కావ్యమునకు శోభ కలిగించునవి గుణములు, ఆ శోభను పెంచునవి అలంకారములు అని వామనుడు విభజించినాడు. సీలెంటును గుణముగను, మైనమును అలంకారముగను ఎంచుకొన్నచో పొరపాటు ఉండదు. ఒక దానికే డబ్బు ఉన్నచో సీలెంటే కొనవలెను. ఇక సెరామిక్ కోటింగు చేయించినవారు మైనము జోలికి పోకుండుటయే మేలు. వేలు పోసి తెచ్చుకొన్న దాని జారుడు గుణమును మైనము కప్పివేయును.

పూతలనుగూర్చి ఇంత చెప్పినను, మెరుపు పుట్టునది పూతవలన కాదు. దీనికి సాక్ష్యము ప్రకాశం జిల్లాలోనే ఉన్నది. చీమకుర్తి గనులలో దొరకు బ్లాక్ గెలాక్సీ రాయి నల్లని ఆకాశమున బంగారు చుక్కలు పొదిగినట్లుండునని దేశదేశములకు ఎగుమతి యగుచున్నది. గనినుండి తీసినప్పుడు అది మామూలు నల్లబండ. ముతక రాపిడి మొదలు సన్నని రాపిడి వరకు వరుసగా నూరగా నూరగా అద్దమగును. తలము సమమైనచో వెలుగు ఒకే దిక్కునకు మరలును, గీతలున్నచో చెదరును. మెరుపు అనగా ఇంతియే. కారు మీది సన్నని గీతలను మైనము పూడ్చి సమము చేసినట్లు చూపును గాని, రెండు వానలు పడినంతనే అవి మరల పైకి తేలును.

ఆ గీతలు ఎట్లు పడుచున్నవి? ఉదయము ఏ వీధిలో చూచినను సమాధానము దొరకును. రాత్రి పడిన ధూళిని పొడిగుడ్డతో గిరగిర తుడుచుట మనకు నిత్యకృత్యము. ధూళిలోని ఇసుక రేణువు క్లియర్ కోటు కన్న గట్టిది. దానిని గుడ్డ క్రింద అదిమి త్రిప్పుట గరుకు కాగితముతో రుద్దుటకు చిన్న తమ్ముడు. దాని ముందు ఏ మైనమును నిలువదు. తొలుత నీరు ధారగా పోసి ధూళిని జార్చి, పిదప కారు షాంపూతో మెత్తని గుడ్డతో కడుగవలెను. గిన్నెలు తోము సబ్బు మైనమును పలుచబరచును. బోరునీటిలో లవణములు హెచ్చుగా ఉన్నచోట్ల కడిగిన వెంటనే తడి ఒత్తివేయవలెను. లేనిచో తెల్లమచ్చలు నిలిచిపోవును. ఎండ తప్పునని వేపచెట్టు క్రింద నిలుపువారు కాకి రెట్టలకు సిద్ధపడవలెను. అవి ఎండకు ఆరకముందే తడి గుడ్డ కప్పి నానబెట్టి తీయవలెను.

మైనము పూయుటకు సాయంకాలము, రేకు చల్లారిన పిదప, నీడపట్టు మంచిది. మిర్చి దినములలో యార్డు దరిదాపులనున్నవారు గాలి నిలిచిన వేళ చూచుకొనవలెను. ఒక్కొక్క పలకకు వ్రేలికొనను అంటునంత మైనము చాలును. లావుగా పూసినది ఎట్లును తుడుపులోనే పోవును. పైగా తుడువక మిగిలిన జిడ్డు ధూళిని పిలుచును. మసకగా ఆరిన పిదప శుభ్రమైన మైక్రోఫైబరు గుడ్డతో, అదుమకుండ తీయవలెను. క్రొత్త డబ్బాను మొదట తలుపు అడుగున జానెడు మేర పూసి చూచుట మంచిది. వానచినుకులు గుండ్రముగ నిలువక పలుచగా పరచుకొనుట మొదలైనచో కారును ఒకసారి బాగుగా కడిగి చూడవలెను. అప్పటికిని అట్లే ఉన్నచో మైనము అరిగినదన్నమాట, మరల పూయవచ్చును. మిగిలిన డబ్బాను మాత్రము కారు డిక్కీలో ఉంచరాదు. మే నెల ఎండకు ద్రావకము ఎగిరిపోయి, మైనము గోడకు కొట్టినను పగులని ముద్దగా మిగులును. ఇంటిలో బీరువా అడుగున ఉంచినచో రెండు మూడేండ్లు వచ్చును.