పాటల కోసం కంప్యూటరు: ఎంత పెట్టాలి, ఏది కొనాలి?



"అయ్యగారూ, పిల్లగాడు కంప్యూటరు కొనమని పట్టుబట్టిండు. దుకాణంల అరవై వేలు చెప్తున్నరు. పాటలు వినటానికి, వీడియోలు చూడటానికి గన్ని పైసలు పెట్టాల్నా?" ఈ ప్రశ్న ఈ మధ్య మన సంఘాలలో తరచుగా వినబడుతున్నది. పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చే రోజులలో మరీ ఎక్కువ.

అక్కరలేదన్నదే నా జవాబు. పాటలు, వీడియోలు మాత్రమే పని అయితే అందులో మూడో వంతు చాలు. ఆ మూడో వంతులోనే స్పీకర్లు, పాటలు దాచుకొనే డిస్కు కూడా వస్తాయి.

కొనకముందు ఒక పరీక్ష చేయండి. మీ టి.వి. వెనుకనో ప్రక్కనో పెన్‌డ్రైవు పెట్టే చోటు ఉన్నదేమో చూడండి. ఉంటే నాలుగు పాటలు, ఒక వీడియో వేసిన పెన్‌డ్రైవు పెట్టి చూడండి. చక్కగా ఆడితే, మీకు అంతకు మించిన అవసరం లేకపోతే, కంప్యూటరు కొనే పనే లేదు. ఇక్కడితో ఈ వ్యాసం చదవడం ఆపినా నేను నొచ్చుకోను. అయితే కొన్ని టి.వి.లలో బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. కొన్నిటిలో శబ్దమే తప్ప బొమ్మ రాదు. కొత్త ఫోనుతో తీసిన పెండ్లి వీడియో పాత టి.వి.లో ఆడకపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. టి.వి. చెడిపోయి కాదు. వీడియోలను చిన్నవిగా మడిచి దాచే పద్ధతులు మారుతూ వచ్చాయి. ఆ టి.వి. తయారైననాటికి ఈ కొత్త మడత విప్పే విద్య దానిలో పెట్టలేదు. టి.వి.కి ఆ విద్య తరువాత నేర్పడం కష్టం. కంప్యూటరుకు చాలావరకు నేర్పవచ్చును.

ఇక ఫోను ఉండగా కంప్యూటరు ఎందుకు అనేవారు ఉన్నారు. ఫోను ఒకరి చెవికి సరిపోతుంది, ఇంటిల్లిపాదికి చాలదు. పైగా అది పొలంలో పడిపోతుంది, నీళ్లలో పడుతుంది, జాగా నిండిపోయిందని పిల్లలు పాతవన్నీ తుడిచివేస్తారు. అందులో అమ్మమ్మ పాడిన పాట కూడా పోతుంది.

నా దృష్టిలో మన జిల్లాలలో కంప్యూటరుకు అసలు పని అక్కడే ఉన్నది. 1980, 90 దశాబ్దాలలో జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి ఎంతమంది గల్ఫు దేశాలకు వెళ్లారో మనకు తెలుసు. ఫోను చేయడం ఖర్చుతో కూడిన పని. ఉత్తరం వ్రాయడం అందరికీ రాదు. అందుచేత క్యాసెట్టులో మాటలు రికార్డు చేసి, సెలవు మీద ఊరికి వచ్చేవారి చేతికి ఇచ్చి పంపేవారు. ఇంటివారు అదే క్యాసెట్టుకు రెండో వైపున తమ మాటలు చెప్పి తిరిగి పంపేవారు. గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి బొగ్గు గని కార్మికుల ఇండ్లలోనూ టూ-ఇన్-వన్ ఉండేది. క్రిస్మస్ కూడికలు, సండేస్కూలు పిల్లల పాటలు, ఇప్పుడు మన మధ్య లేని సేవకుల ప్రసంగాలు ఎన్నో దాని మీద రికార్డు అయ్యాయి. ఉట్నూరు, ఆసిఫాబాదు వైపు గోండు గూడేలలో పెద్దలు పాడే పాటలలో అచ్చుకు ఎక్కనివి ఎక్కువ. అవి ఉంటే గొంతులలో ఉండాలి, లేదా టేపుల మీద ఉండాలి.

జగిత్యాల వైపు ఒక ఇంటిలో ఒక విధవరాలైన సహోదరి బీరువాలో పట్టుచీరల అడుగున ఒక క్యాసెట్టు దాచుకొన్నది. 1991లో దుబాయి నుండి భర్త పంపినది. ఆయన చనిపోయి చాలా సంవత్సరాలైంది. టేపురికార్డరు అంతకంటె ముందే పాడైపోయింది. కుమార్తెకు తండ్రి గొంతు ఎట్లా ఉండేదో జ్ఞాపకం లేదు. టేపు లోపల అతుక్కొని తిరగలేదు గనుక, క్యాసెట్టు మూలలలోని చిన్న మరలు విప్పి, రీళ్లను మెల్లగా మరో ఖాళీ క్యాసెట్టు డొల్లలోకి మార్చారు. నలభై నిమిషాల మాటలలో పెద్ద సంగతులేమీ లేవు. బర్రె ఈనిందా, పోచంపాడు కాలువకు నీళ్లు వచ్చినయా, చిన్నదానికి జ్వరం తగ్గిందా, ఇంతే. ఆ చిన్నది ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. తనకు జ్వరం తగ్గిందా అని తండ్రి అడగడం ఆమె అప్పుడు విన్నది.

ఇటువంటి పనికి ఏ కంప్యూటరు కావాలి? కొత్తది వద్దు. హైదరాబాదు కంపెనీలు కొన్ని సంవత్సరాలు వాడి మార్చివేసే డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాపులు శుభ్రం చేయబడి బజారులోకి వస్తాయి. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, మనవాళ్లు సి.టి.సి. అనేది, ఇటువంటి బేరాలకు పేరు పొందిన చోటు. కరీంనగర్, మంచిర్యాల దుకాణాలలోనూ అడిగితే దొరుకుతాయి. సుమారు 8 వేల నుండి 15 వేల లోపు మంచిది వస్తుంది. 2025 చివరి నుండి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా పెరిగాయి గనుక ఒకటి రెండు వేలు ఎక్కువ చెప్పినా ఆశ్చర్యపడవద్దు.

దుకాణదారుడు "ఇది ఐ7, అది ఐ3" అని చెప్పి పెద్ద అంకె వైపు లాగుతాడు. ఆ అంకె కంటె ముఖ్యమైనది దాని తరము. ఇంటెల్ వారి చిప్పు పేరు ఐ5-7500 అని ఉంటే గీత తరువాతి 7 ఏడవ తరమును తెలుపుతుంది. ఐ5-10400 అయితే పదవ తరము. నేను పైన చెప్పిన వీడియో మడత విప్పే పనికి చిప్పులో ప్రత్యేకమైన ఒక భాగం ఉంటుంది. ఇప్పటి అనేక ఫోనులు వాడే హెచ్.265 అనే మడతను విప్పే శక్తి 2015లో వచ్చిన ఆరవ తరముతో కుదిరింది. ఏడవ తరములో ఇంకా మెరుగైంది. యూట్యూబ్ వాడే వి.పి.9 పద్ధతి కూడా దానికి బాగా వచ్చును. ఆ భాగం లేని పాత చిప్పులో ఆ పనంతా ప్రధాన చిప్పు మీద పడుతుంది. ఫ్యాను గీపెడుతుంది, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. అందువలన మూడవ తరము ఐ7 కంటె ఏడవ తరము ఐ3 వీడియోలకు మేలు, పైగా ధర కూడా తక్కువే కావచ్చు. మెమరీ 8 జి.బి. చాలు. లోపల పాత తిరిగే హార్డుడిస్కు బదులు ఎస్.ఎస్.డి. ఉండాలి, 256 జి.బి. దైనా సరే. ఇది మాత్రం పట్టుబట్టి అడగండి. "గ్రాఫిక్సు కార్డు" అని వేరే అంటగడితే వద్దనండి. అది ఆటలు ఆడే పిల్లలకు.

ఆరు, ఏడు తరములవి చవకగా రావడానికి ఒక కారణం ఉన్నది. మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10కి ఉచిత మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించారు. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదవ తరము నుండే అనుమతి. కాబట్టి కంపెనీలు పాతవాటిని వదిలించుకొంటున్నాయి. మనకు అదే లాభం. వాటిలో లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థను వేయించుకోవచ్చు. తెలుగు అక్షరాలు చక్కగా కనబడతాయి. పాటలకు, వీడియోలకు వి.ఎల్.సి. అనే ఉచిత సాధనం ఉన్నది. 1996లో ఫ్రాన్సులో కొందరు విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. సాధారణంగా దొరికే ఏ పాటనైనా, ఏ వీడియోనైనా ఆడిస్తుంది. అయిదు వందలకు దొంగ విండోస్ వేసి ఇస్తామనే వారి మాట వినవద్దు. ఉచితంగా ఇచ్చేది ఉండగా దొంగిలించినది ఎందుకు?

మరొక చవక మార్గం ఉన్నది. తెర పగిలిన, కీబోర్డు చెడిన పాత ల్యాప్‌టాపును తక్కువ ధరకు కొని, టి.వి.కి కలిపి వాడుకొనేవారు ఉన్నారు. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా పాట ఆగదు. అయితే క్రింది భాగం ఉబ్బినట్లు కనబడితే దానిని ముట్టవద్దు. ఉబ్బిన బ్యాటరీ మంటకు దారి తీయగలదు.

ఇంటర్నెట్ ఉంటే ఇవేవీ అవసరం లేదనే మాట కూడా వస్తున్నది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం టి-ఫైబర్ పథకం క్రింద పెద్దపల్లి జిల్లా అడవిశ్రీరాంపూర్‌తో కలిపి కొన్ని గ్రామాలలో ఇంటింటికి ఇంటర్నెట్ ఇచ్చే ప్రయోగం ప్రారంభించింది. టి.వి.నే కంప్యూటరుగా వాడుకొనే ఏర్పాటు అందులో ఉన్నది. 2025లో జియో వారు కూడా సెట్‌టాప్ బాక్సుకు కీబోర్డు తగిలించి అటువంటి సేవనే తెచ్చారు. పిల్లల చదువులకు మంచివే. కాని ఆ కంప్యూటరు నిజానికి మన ఇంట్లో ఉండదు, ఎక్కడో దూరాన ఉంటుంది. తీగ తెగితే అది లేదు. నెల డబ్బు కట్టకపోతే అది లేదు. యూట్యూబ్‌లో లక్ష పాటలు ఉండవచ్చు గాని, దుబాయి నుండి వచ్చిన ఆ క్యాసెట్టు అక్కడ లేదు.

కొనేటప్పుడు మీ ఇంటి పెన్‌డ్రైవు వెంట తీసుకొని వెళ్లండి. మీ ఫోనుతో తీసిన ఒక పొడుగు వీడియోను అక్కడే పదినిమిషాలు ఆడించి చూడండి. టి.వి.కి కలిపే హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం ఉన్నదా చూడండి. ఆఫీసులలో వాడిన చిన్న డబ్బాలలో కొన్నిటికి డిస్‌ప్లే పోర్టు అనే వేరే రకం ఉంటుంది. దానికి కొన్ని వందలు పెట్టి మార్పిడి తీగ కొనాలి. బిల్లు, కనీసం ఆరు నెలల వారంటీ కాగితం అడగండి. కాగితం ఇవ్వని దుకాణం నుండి లేచి రండి.

స్పీకర్ల విషయములో పిసినారితనం వద్దు. ఇప్పటి పలుచటి టి.వి.లలో స్పీకర్లు వెనుకకో క్రిందికో తిరిగి ఉంటాయి, శబ్దం గోడకు తగులుతుంది. పదిహేను వందలు, రెండు వేలలో ఒక జత వేరే కొంటే కుటుంబ ప్రార్థనలో పాట నిండుగా వినబడుతుంది. ఇంట్లో పాత ఆంప్లిఫయరు పనిచేస్తూ ఉంటే ఇంకా మంచిది, ఒక తీగతో కంప్యూటరుకు కలపవచ్చు. రామగుండం ఎండలకు, గనుల ప్రాంతపు నల్లటి దుమ్ముకు కంప్యూటరును బీరువా మీద, గోడకు ఆనించి పెట్టవద్దు. గాలి ఆడాలి. సంవత్సరానికి ఒకసారి మూత తీసి దుమ్ము దులిపించండి.

క్యాసెట్టులను ఎక్కించే పద్ధతి కష్టమైనది కాదు, ఓపికతో కూడినది. పనిచేసే టేపురికార్డరు ఒకటి సంపాదించండి. హెడ్డును స్పిరిటులో తడిపిన దూదితో తుడవండి. క్యాసెట్టును మొదట చివరి వరకు ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు త్రిప్పండి, బిగిసినది సడలుతుంది. టేపురికార్డరు ఇయర్‌ఫోను రంధ్రం నుండి తీగ తీసి కంప్యూటరు వెనుకనున్న నీలం రంగు రంధ్రంలో పెట్టాలి. గులాబి రంగుది మైకుకు, అందులో పెడితే శబ్దం గరగరలాడుతుంది. నీలం రంధ్రం లేని చిన్న డబ్బాలకు కొద్ది ధరలో యు.ఎస్.బి. శబ్ద పరికరం దొరుకుతుంది. మాటల రికార్డుకు అది చాలు. ఆడాసిటీ అనే ఉచిత సాధనం తెరచి, శబ్దపు గీత ఎరుపును తాకకుండా చూసుకొని, రికార్డు మొదలుపెట్టండి. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది. దీనికి అడ్డదారి లేదు. ఆ గంట కూర్చుని వినండి.

పూర్తి నాణ్యతతో దాచితే నిమిషానికి సుమారు 10 ఎం.బి. అవుతుంది, అంటే గంట క్యాసెట్టు 600 ఎం.బి. ఎం.పి.3గా మార్చితే దాదాపు పదో వంతుకు తగ్గుతుంది. మాటలున్న క్యాసెట్టులను పూర్తి నాణ్యతతోనే దాచండి. నూరు క్యాసెట్టులైనా 60 జి.బి. దాటవు. ఎం.పి.3 ప్రతిని ఫోనులో వినడానికి పెట్టుకోండి. కొన్న పాటల క్యాసెట్టును మన ఇంట్లో వినడానికి ఎక్కించుకోవడం వేరు, దాని ప్రతులు తీసి సంఘమంతటికీ పంచడం వేరు. రెండవది ఆ పాట పాడినవారి కష్టాన్ని దోచుకోవడమే.

పెండ్లి వీడియో క్యాసెట్టుల సంగతి తొందరగా చూసుకోండి. వి.సి.ఆర్.లు తయారుచేస్తూ మిగిలిన చివరి జపాను కంపెనీ ఫునాయ్ 2016లో వాటిని ఆపివేసింది. ఉన్నవి చెడిపోతే బాగుచేసేవారు కరువవుతున్నారు. ఇది ఇంట్లో చేయడం కష్టం. ఆ యంత్రం ఇంకా ఉంచుకొన్న ఫోటో స్టూడియోను వెదకి ఇవ్వండి, అసలు క్యాసెట్టును మాత్రం తిరిగి తెచ్చుకోండి.

ఎక్కించిన ప్రతిదానికి పేరు తెలుగులోనే పెట్టండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని. "న్యూ ఫోల్డరు 3" అని పెడితే మీ మనుమడికి ఏమి తెలుస్తుంది? తరువాత అదంతా ఒక బయటి హార్డుడిస్కులోకి కూడా ఎక్కించి, ఆ డిస్కును ఆడబిడ్డ ఇంట్లోనో, తమ్ముని ఇంట్లోనో, వేరే ఊరిలో ఉంచండి. పెన్‌డ్రైవు దాచడానికి పనికిరాదు, మోయడానికే. డిస్కు కూడా ఊరికే పెట్టెలో పడి ఉంటే మొరాయించవచ్చు గనుక క్రిస్మస్‌కు అందరూ కలిసినప్పుడు దానిని తెప్పించి, టి.వి.కి తగిలించి, రెండు మూడు క్యాసెట్టులు వినిపించి, ఆ సంవత్సరం కొత్తవి చేర్చి తిరిగి పంపండి.