పాము విషానికి విరుగుడు

పెనుబల్లి పక్క అడవిలో తునికాకు కోసేవారికి పాముల భయం ఉంటుంది. నాగుపాము, కట్లపాముల విషం నరాలను పడగొడుతుంది. రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆడదు. కట్లపాము రాత్రి కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. రక్తపింజర, చిన్నపింజరల విషం నెత్తురును గడ్డకట్టనివ్వదు.

ఈ నాలుగింటికీ ఒకటే సూదిమందు ఉంది. చెన్నై దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో సంఘం పెట్టుకున్నారు. పాములను చంపకుండా విషం తీస్తారు. మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తారు. గుర్రం నెత్తురులో విరుగుడు పుడుతుంది. దానితోనే మందు చేస్తారు. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అందుకే పరిశోధన ఇంకా సాగుతోంది.

పాము కరిసిందా? గాయం కోయకండి. నోటితో పీల్చకండి. గట్టిగా కట్టు కట్టకండి. మంత్రాలతో పొద్దు పుచ్చకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.