గాజుగదియు, రాతిముంగిలియు

పెరటిలో కొంత స్థలమును, చేతిలో కొంత ద్రవ్యమును మిగిలినప్పుడు పాత యింటికి క్రొత్తగా నొక భాగమును చేర్పవలెనను కోరిక గృహస్థులకు కలుగుట సహజము. ఇటీవల మన నగరములలో నీ కోరిక యొక క్రొత్తరూపమును దాల్చినది. మూడు వైపుల గాజుగోడలును, పైన గాజుకప్పును గల యొక గదిని, దాని యెదుట రాతిపలకలు పరచిన యొక ముంగిలిని కట్టించుకొనుట నాగరికతకు చిహ్నమని పలువురు తలంచుచున్నారు. ఆ గదిని ఆంగ్లేయులు కన్సర్వేటరీ యందురు; ఆ ముంగిలిని పాటియో యందురు. పటములలో నవి కన్నులకు మిక్కిలి యింపుగ నుండును. కాని యింటిలో పగలెల్ల గడుపువారు పటమును చూచి బ్రదుకజాలరు గదా. క్రొత్తగది వలన వంటయింటికి వెలుతురు తగ్గినను, గాలి యాగినను, ఆ బాధను మొదట ననుభవించునది గృహిణియే. కావున మేస్త్రీతో బేరము కుదుర్చుకొనుటకు ముందే యీ విషయమును సోదరీమణులు చక్కగ విచారింపవలయునని మా మనవి.

గాజుగది పుట్టుక

గాజుగది చలిదేశములలో పుట్టినది. అచ్చట శీతకాలమున మంచు కురియును. నారింజ, నిమ్మ మొదలగు చెట్లు ఆ చలికి తాళజాలవు. ఐరోపాలోని ప్రభువులకు నారింజలపై మక్కువ మెండు. అందుచే వారు చెట్లను కుండీలలో పెంచి, శీతకాలము రాగానే దక్షిణమున పెద్ద కిటికీలు గల శాలలలోనికి చేర్చి కాపాడుకొనెడివారు. ఫ్రాన్సు దేశమున వెర్సాయి రాజభవనముకడ 1684 మొదలు 1686 వరకు కట్టిన నారింజశాల ఇట్టిదే. కన్సర్వేటరీ యను మాటకు కూడ కాపాడు చోటనియే యర్థము.

ఇంగ్లాండున గాజుపై గల పన్నును 1845లో ఎత్తివేసిరి. 1848లో లండనునొద్ద క్యూ తోటలో తాళజాతి వృక్షములకొరకు ఇనుముతోను గాజుతోను కట్టిన మహాశాల తెరువబడినది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమునకు జోసెఫ్ పాక్స్టన్ గాజుతో నొక మహాభవనమునే నిర్మించెను. ఆయన తోటమాలిగ జీవితమును ప్రారంభించినవాడగుట గమనింపదగినది. అటుపిమ్మట గాజు చౌకయై, ప్రభువుల వేడుక క్రమముగ సామాన్య గృహములకును ప్రాకినది.

మన పెరటిలో నిమ్మచెట్టు ఏ గాజుకప్పును కోరక, బావికడ పాఱు నీటితోనే పెరిగి కాయలు కాయుచున్నది. ఏ చెట్టును బ్రదికించుటకు వారంత ధనము వెచ్చించి గాజుశాలలు కట్టిరో, ఆ చెట్టు మనకు ఆకాశము క్రిందనే బ్రదుకుచున్నది. మన దేశమునను ప్రసిద్ధమైన గాజుశాల లేకపోలేదు. బెంగుళూరు లాల్‌బాగులో 1889లో శంకుస్థాపనము జరిగిన గాజుశాల నేటికిని పుష్పప్రదర్శనములకు నెలవై యున్నది. అయితే బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల యెత్తున నున్న చల్లని ప్రదేశము. ఆ శాలయు జనులు చూచి పోవునదే గాని కాపురముండునది గాదు. విజయవాడలోనో, కర్నూలులోనో, వరంగల్లులోనో యింటికి చేర్చిన గాజుగది సంగతి వేరు.

గాజు చేయు పని

సూర్యుని వెలుతురు గాజును సులభముగ దాటి లోనికి వచ్చి, నేలను, గోడలను, కుర్చీలను వేడెక్కించును. వాని వలన లోని గాలి వేడెక్కును. వేడిగాలి పైకి లేచి బయటికి పోవలెనన్న గాజుకప్పు అడ్డము; పైగా వేడెక్కిన వస్తువులనుండి వెలువడు వేడికిరణములను గాజు తేలికగ బయటికి పోనీయదు. వచ్చుటకు దారి యుండి పోవుటకు దారి లేనందున వేడి లోపలనే కూడును. తలుపులు మూసి యెండలో నిలిపిన మోటారుకారులోనికి మధ్యాహ్నమున ప్రవేశించినవారికి దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. చలిదేశమువారు ఆ వేడికొరకే గాజుగదిని కట్టుదురు. మనము మే నెలలో ఆ వేడినుండి పారిపోవుటకు చోటు వెదకుదుము.

సూర్యుని నడకయు నిట్టిదే. లండనులో డిసెంబరు చివర మధ్యాహ్నవేళ సూర్యుడు దిఙ్మండలమునకు 15 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. ఆ యెండ ఏటవాలుగ దక్షిణపు గాజులోనుండి గది లోతునకు ప్రవేశించి సుఖమిచ్చును. హైదరాబాదులో ఆ దినముననే మధ్యాహ్నసూర్యుడు సుమారు 49 డిగ్రీల యెత్తున నుండును. మే నెలలోనైతే నడినెత్తికి వచ్చును. అనగా మన వేసవియెండ నేరుగ కప్పుపై పడును. మనకు కావలసినది ఎండను ఆపు కప్పు. గాజుకప్పు దానిని లోనికి పిలుచును.

పాటియో మనకు చుట్టమే

రెండవది యగు పాటియో సంగతి యిట్లుగాదు. ఇది స్పెయినుదేశపు మాట. ఆ దేశపు దక్షిణభాగమున వేసవి మనకువలెనే తీవ్రముగ నుండును. అచ్చటి కార్డోబా నగరమున ప్రాచీన గృహములు నడుమ ముంగిలిని విడిచి, దాని చుట్టును గదులు కట్టినవి. గోడలకు తెల్లసున్నము, నేలకు రాతిపరపు, గోడల నిండ పూలకుండీలు, నడుమ నీటితొట్టి లేదా బావి. ఏటేట మే నెలలో ఆ ముంగిళ్లకు ఉత్సవము జరుగును. 2012లో యునెస్కో సంస్థ దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

ఈ వర్ణనము చదువగానే కోస్తాజిల్లాల సోదరీమణులకు తమ మండువా లోగిలి జ్ఞప్తికి రాకమానదు. నడుమ ఆకాశము కనబడు మండువా, నాలుగువైపుల పల్లపు చూరులు గల పంచలు, ఆ పంచలపై తెరచుకొను గదులు. ఆ యేర్పాటులో శాస్త్రము కలదు. రాత్రివేళ మండువా నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. చల్లనిగాలి క్రిందికి దిగి పంచలలోనికి వ్యాపించును. పగలు చూరుల నీడ ఆ చల్లదనమును కొంతసేపు కాపాడును. కాబట్టి పాటియో పేరు క్రొత్తదైనను వస్తువు మనకు పాతదే. చలిదేశపు గాజుగదిని, వేడిదేశపు ముంగిలిని జంటగ కొనితెచ్చుకొనునపుడు, రెండవదాని బుద్ధినే మనము గ్రహింపవలయును.

మరి కట్టవలసిన దేమి?

గాజుగదికి బదులు పెరటివైపు విశాలమైన వసారా కట్టించుట మేలు. ఇల్లు దక్షిణముఖముగ తెరచుకొన్న పక్షమున 8 అడుగుల యెత్తున చూరు గల 8 అడుగుల వెడల్పు వసారాలో, డిసెంబరు మధ్యాహ్నపు టెండ సుమారు 7 అడుగుల దాక వచ్చి హాయి గొలుపును. మే మధ్యాహ్నమున చూరు దాటి రానేరాదు. తూర్పు పడమరల యెండ మాత్రము పల్లముగ వచ్చుటచే చూరు దాని నాపలేదు. పడమట వసారా తప్పనిచో, వెదురుతడికలో, వట్టివేళ్ల తట్టీలో, తీగలు ప్రాకిన పందిరియో అడ్డముండవలెను. కొంచెము దూరమున వేపచెట్టున్నచో అంతకు మించిన తెర లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వంటయింటి కిటికీ. క్రొత్తభాగము సాధారణముగ పెరటివైపున, అనగా వంటయింటిని ఆనుకొనియే వచ్చును. ఆ కిటికీ బయటి గాలిలోనికి గాక మూసిన గదిలోనికి తెరచుకొన్నచో, పొయ్యి వేడియు, తాలింపు ఘాటును, పొగయు పోవుటకు దారి యుండదు. దీనిని ముందుగ తెలిసికొనుట కొక సులభమైన యుపాయము కలదు. వేసవిలో నొకదినము గది రాదలచిన హద్దులకు కొయ్యలు నాటి తాళ్లు కట్టుడు. వంటయింటి కిటికీకి వెలుపల నొక దళసరి దుప్పటిని వ్రేలాడదీయుడు. ఆ దినపు వంట యంతయు అట్లే చేయుడు. మూడు పూటలు గడుచునప్పటికి ఇంజనీరు చెప్పజాలని సంగతి మీకు బోధపడును. ఆ యిబ్బందిని యజమానికి కూడ వంటయింటిలో నిలువబెట్టి చూపుట యుచితము.

రాతిపరపు

నేలకు పరచుటకు మనకు రాతి కొరత లేదు. కడప నల్లరాయి, బేతంచెర్ల రాయి, తాండూరు రాయి, కర్ణాటకములోని షాబాదు రాయి తరతరములుగ మన యిండ్లలో నడుగుల నోర్చినవి. బయటి ముంగిలికి మాత్రము నున్నగ మెఱుగుపెట్టిన పలకలు పనికిరావు. వానలో వృద్ధులును, చంటిబిడ్డ నెత్తుకొన్న తల్లులును జారిపడుదురు. గరుకుముఖము గల పలకలనే కోరవలయును.

పరపు ఇంటినేలకంటె కనీసము అరయడుగు క్రిందుగ నుండవలెను. లేనిచో వాననీరు గోడలకెక్కి చెమ్మ పట్టును. ప్రతి 10 అడుగులకు 2 అంగుళముల చొప్పున వాలు ఇంటినుండి బయటికి పోవలెను. పరచినపిదప నొక బిందె నీరు పోసి, అది యెటు పోవుచున్నదో చూచిన తరువాతనే కూలి చెల్లింపుడు. పది అడుగుల చదరపు కప్పుపై ఒక అంగుళము వాన కురిసినచో సుమారు 230 లీటర్ల నీరు దిగును. దానిని వీధిపాలు చేయక ఇంకుడుగుంటకు మరల్చినచో బావికో బోరుకో మేలు. అందుకే పెరడంతయు రాతితో కప్పరాదు. రాయి పగలు త్రాగిన యెండను సాయంకాలము మనమీదనే విడుచును. మన్ను నీటిని త్రాగి చెట్టునకిచ్చును.

నల్లరేగడి నేలలలో మరియొక జాగ్రత్త యవసరము. ఆ మన్ను వానకు ఉబ్బి యెండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. పాతగోడయు క్రొత్తగోడయు నొకేరీతి కదలవు. రెంటిని గట్టిగ కలిపి కట్టినచో అతుకువద్ద పగులు తప్పదు. రెంటికి నడుమ సన్నని యెడమును విడిచి, పైన నీరు దిగకుండ కప్పుట నేర్చిన మేస్త్రీనే పిలువవలయును. ఇంటిచుట్టు విడువవలసిన ఖాళీస్థలమును ఆక్రమింపకుండ పురపాలక సంఘపు అనుమతిని ముందుగనే పొందుట మఱవరాదు.

గాజు తప్పనిసరి యైనచో

కొందరికి గాజుపై మనసు వీడదు. అట్టివారు కప్పును మాత్రము గాజుతో వేయక, ఉత్తరపు గోడకు గాజుతలుపులు పెట్టించుకొందురు గాక. అటు వెలుతురు మెండు, ఎండ తక్కువ. కప్పులో గాజు తప్పదనుకొన్నచో, రెండు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర గల లామినేటెడ్ గాజునే వాడవలయును. పగిలినను ముక్కలు పొరకంటి నిలుచును గాని తలపై రాలవు. వేడిగాలి పోవుటకు కప్పుశిఖరమున తెరచుకొను కిటికీ యుండవలెను.

ఇంగ్లాండులోను, అమెరికా ఉత్తరభాగమునను కాపురమున్న మన తెలుగు సోదరీమణుల విషయము వేరు. మంచుకు కరివేపాకు మొక్క చచ్చును. వడియములు పెట్టుకొన నెండ దొరకదు. వారికి దక్షిణముఖమైన గాజుగది నిజముగ నుపకారి. ఇంటికిని దానికిని నడుమ తలుపును తీసివేయక నిలుపుకొన్నచో, శీతకాలపు రాత్రులలో ఇంటి వెచ్చదనము గాజుపాలు గాదు.

కుండీల యేర్పాటు

వసారా నీడలో ఫెర్నులు, మనీప్లాంటు, తమలపాకు తీగ చక్కగ పెరుగును. మల్లె, కరివేప, తులసి యెండను కోరునవి గాన వానిని ముంగిలి యంచున నుంచవలయును. కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలువరాదు. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ అట్టి కొద్దినీటిలోనే గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పది దినములలోపుననే ఎగురు దోమలు కాగలవు. కావున వారమున కొకసారి పళ్లెములను ఒలికించి, రుద్ది కడిగి, ఆరవేయుట తప్పనిసరి. పూలకుండీలకు ముచ్చటపడి పిల్లలకు జ్వరమును తెచ్చుకొనరాదు గదా.

ఇంటికి చేర్చు ప్రతిభాగమును చూచువారికొరకు గాక వసించువారికొరకు కట్టవలయును. ఆవకాయకు ముక్కలు తరుగుటకు, పిల్లలు పాఠములు చదువుటకు, పెద్దలు సాయంకాలము కూర్చుండుటకు, పనుల నడుమ గృహిణి గడియసేపు చల్లగాలికి విశ్రమించుటకు వసారాయు ముంగిలియు నుపయోగించినచో ఆ ధనము సార్థకము. మూడునెలలు మూసియుంచి, చుట్టములు వచ్చినపుడు మాత్రము తెరచి చూపు గాజుగదికంటె, దినదినము వాడుకొను నీడ మనకు మిక్కిలి విలువైనది. సోదరీమణులారా! నకాశా గీయునపుడు ఎంత చిన్నదైనను మీ మాటను చెప్పుడు. ఆ యింటిలో ఎండ యేవేళ యెచ్చట పడునో మీకంటె నెఱిగినవారు మరి యొకరు లేరు.