కష్టపడటం ఎవరిని చూసి నేర్చుకుంటారు?

చేపట్టిన పని ఎంత కష్టమైనా మధ్యలో వదలకుండా నిలబడే గుణాన్ని, అంటే శ్రమనిష్ఠను, కొందరు పుట్టుకతో వచ్చేదిగా భావిస్తే, మరికొందరు పెద్దల హితబోధతో, అవసరమైతే మందలింపుతో అలవడేదిగా భావిస్తారు. గత ఆరు దశాబ్దాల మనోవిజ్ఞాన పరిశోధన ఈ రెండు అభిప్రాయాలకూ అందని మరో మార్గాన్ని వెలుగులోకి తెచ్చింది. పిల్లలూ యువకులూ తమ చుట్టూ ఉన్నవారు పనిచేసే తీరును చూసి, ఆ శ్రమకు దక్కిన ఫలితాన్ని గమనించి, తాము ఎంత శ్రమించాలో, ఎప్పుడు విరమించుకోవాలో చాలావరకు నిర్ణయించుకుంటారని ఆ పరిశోధన చెబుతుంది.

ఈ ఆలోచనకు ప్రయోగాల పునాది వేసినవాడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్బర్ట్ బండూరా (1925–2021). స్వయంగా చేసి, బహుమతినో శిక్షనో అనుభవిస్తే తప్ప ఎవరూ ఏదీ నేర్చుకోరన్న ప్రవర్తనావాదం బలంగా ఉన్న 1961లో, ఆయన 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక వయోజనుడు కొట్టడం చూసిన పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, ఏ బహుమతీ లేకుండానే అవే చేష్టలను అనుకరించారు. యువత విషయంలో ఇంతకన్నా ముఖ్యమైనది ఆయన 1965లో చేసిన ప్రయోగం. అందులో బొమ్మను కొట్టిన వ్యక్తికి శిక్ష పడినట్టు చిత్రంలో చూసిన పిల్లలు అతణ్ణి తక్కువగా అనుకరించారు. కానీ చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వారు కూడా మిగతా పిల్లలతో సమానంగా అన్నీ చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం వేరు, నేర్చినదాన్ని ఆచరణలో పెట్టడం వేరు. మొదటిదానికి చూడటం చాలు. రెండోది, ఆదర్శంగా నిలిచిన మనిషికి ఏం జరిగిందన్నదానిపై ఆధారపడుతుంది. దీన్ని బట్టి ఆలోచిస్తే, కష్టపడేవారికి ఇంట్లోనూ ఊళ్లోనూ గౌరవం దక్కనిచోట పిల్లలకు శ్రమించడం తెలియక కాదు, శ్రమించి ప్రయోజనం లేదని తెలిసే వెనకాడే ప్రమాదం ఉంది.

ఈ పరిశీలన ఎంత చిన్న వయసులో మొదలవుతుందో 2017లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు, ఏడాది దాటి కొన్ని నెలలైన పసివాళ్ల ముందు, డబ్బాలోని బొమ్మను బయటికి తీయడానికి ఒక పెద్ద వ్యక్తి తంటాలు పడి చివరికి సాధించినట్టు కొందరికి, అవలీలగా తీసినట్టు మరికొందరికి చూపించారు. తర్వాత నొక్కినా పనిచేయని మీట ఉన్న మరో ఆటవస్తువును వారి చేతికిచ్చారు. తంటాలు చూసిన పసివాళ్లు ఆ మీటను మరిన్నిసార్లు నొక్కుతూ ప్రయత్నించారు. మాటలు కూడా సరిగా రాని వయసులో ఆ పిల్లలు అనుకరించింది ఒక చేష్టను కాదు, ప్రయత్నించే తీరును; చూసిన పని ఒకటి, తాము చేసిన పని మరొకటి. అలవోకగా పనులు చక్కబెట్టే పెద్దలకన్నా, కష్టపడుతున్నట్టు కనబడే పెద్దలే వారికి మంచి గురువులయ్యారన్నది ఇందులో గమనించదగ్గ విషయం.

అయితే ఆదర్శం ఎంత గొప్పదైతే అంత మంచిదన్న సాధారణ నమ్మకం ఇక్కడే తడబడుతుంది. 1997లో పెనెలోపి లాక్‌వుడ్, జివా కుందా అనే మనోవిజ్ఞానవేత్తలు కెనడాలో అకౌంటింగ్ చదివే విద్యార్థులకు, అదే రంగంలో అసాధారణంగా రాణించిన ఒక నాలుగో సంవత్సరం విద్యార్థి గురించిన కథనం చదవనిచ్చారు. ఆ స్థాయికి చేరడానికి ఇంకా వ్యవధి ఉన్న మొదటి సంవత్సరం విద్యార్థులు ఉత్సాహం పొందారు. ఆ వ్యవధి గడిచిపోయిన నాలుగో సంవత్సరంవారికి ఆ ప్రేరణ కలగలేదు. బండూరా ‘స్వీయసామర్థ్య విశ్వాసం’ అని పేర్కొన్నది, అంటే ఫలానా పనిని తాను చేయగలనని మనిషికుండే నమ్మకం, తనలాంటివాడు చేయగా చూసినప్పుడు పెరుగుతుంది. అందని ఎత్తు కనబడినప్పుడు ఆ బలం రాదు. న్యూయార్క్‌లో తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు 402 మందితో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేల ఇబ్బందులను, వైఫల్యాలను చదివినవారి విజ్ఞానశాస్త్ర మార్కులు మెరుగుపడగా, వారి విజయాలను మాత్రమే చదివినవారికి ఆ మేలు కలగలేదు. ర్యాంకుల అంకెలు, నవ్వుతున్న ముఖాలు తప్ప మరేమీ కనబడని కోచింగ్ కళాశాలల ఫ్లెక్సీలు తెలుగు పట్టణాల కూడళ్లలో ప్రతి వేసవిలో వెలుస్తాయి. వాటిలో శ్రమ ఎక్కడా కనబడదు కాబట్టి, శ్రమించడమెలాగో వాటి నుంచి నేర్చుకోవడానికి ఏమీ లేదు. దీనికి భిన్నంగా, మోకాలి గాయం నుంచి కోలుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌ను చూసి బ్యాడ్మింటన్ వైపు వచ్చిన పి.వి.సింధు, ఆ తర్వాత ఆయన అకాడమీలోనే శిక్షణ పొంది, 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం సాధించింది. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులైన ఆమెకు క్రీడాజీవితంలోని నిత్యశ్రమ ఇంట్లోనే పరిచయమైంది.

ప్రయోగశాలల వెలుపల, గ్రామీణ భారతంలో ఆదర్శవ్యక్తుల ప్రభావాన్ని కొలిచిన అధ్యయనాల్లో ఎంతో విలువైనది పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో జరిగింది. 73వ రాజ్యాంగ సవరణ దరిమిలా మూడో వంతు పంచాయతీల సారథ్యం స్త్రీలకు కేటాయించారు. ఏ పంచాయతీ అన్నది ఎవరి ఇష్టాయిష్టాలతోనూ సంబంధం లేకుండా తేలడంతో, అది పరిశోధకులకు సహజమైన ప్రయోగంగా ఉపకరించింది. ఎస్తేర్ డుఫ్లో, రోహిణి పాండే తదితర ఆర్థికవేత్తలు 495 గ్రామాల్లో 11–15 ఏళ్ల పిల్లలను, వారి తల్లిదండ్రులను ప్రశ్నించి 2012లో ఫలితాలు ప్రకటించారు. మహిళా ప్రధాన్లను, అంటే పంచాయతీ సారథులను, చూసిన గ్రామాల్లో, కొడుకుల భవిష్యత్తుపై ఉన్న ఆశలకూ కూతుళ్ల భవిష్యత్తుపై ఉన్న ఆశలకూ మధ్య తల్లిదండ్రుల మనసుల్లోని అంతరం నాలుగో వంతు తగ్గింది; పిల్లల్లో అది 32 శాతం తగ్గింది. చదువులో బాలబాలికల మధ్య తేడా చెరిగిపోయింది, బాలికలు ఇంటిపనికి వెచ్చించే సమయం కూడా తగ్గింది. ఆడపిల్లలకు అక్కడ కొత్త ఉద్యోగాలేవీ పుట్టుకురాలేదు కనుక, ఈ మార్పుకు ప్రధానంగా కారణమైంది తమ ఊరి స్త్రీ అధికారంలో ఉండి పనిచేయడం కళ్లారా చూడటమేనని పరిశోధకులు భావించారు. ఇంత స్పష్టమైన ఫలితం కనబడింది మాత్రం వరుసగా రెండు ఎన్నికల్లో ఆ పదవి స్త్రీలకు దక్కిన గ్రామాల్లో.